తమ్ముడు తమ్ముడే, లెక్క లెక్కే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు ముప్పై ఏళ్ల కిందట పలాసలో జీడిపప్పు పరిశ్రమ పెట్టారు. జీఎస్టీ నంబరు, బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు ఖాతా, షెడ్డు ఉన్న స్థలం అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. మేము ముగ్గురు అన్నదమ్ములం, టెక్కలిలో కాపురముంటున్న అక్క ఒకరు. అన్నయ్య పిక్కల (పప్పు తీయని జీడిగింజల) కొనుగోలు, బయటి ఊళ్ల వ్యాపారులతో బేరాలు చూస్తాడు. నేను బాయిలింగ్ మొదలుకొని డబ్బాలకు సీలు వేసేదాకా లోపలి పని చూస్తాను. తమ్ముడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. కరోనా సమయంలో ఇంటికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు మా సరుకునే చిన్న ప్యాకెట్లుగా కట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. గ్రేడింగ్ అంతా మా వదినగారి కనుసన్నల్లో నడుస్తుంది. మాలో ఎవరికీ జీతం లేదు. ఎవరికి ఎంత అవసరమైతే అంత గల్లాపెట్టెలోంచి తీసుకుంటాం. కిందటి సీజనులో అన్నయ్య ఎవరినీ అడగకుండా ఎక్కువ ధరకు పిక్కలు కొన్నాడు, తర్వాత ధర పడిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. వేరు పడకుండా వ్యాపారం బాగా సాగాలంటే ఏం చేయాలి? రాతకోతలు పెడదామంటే నాన్నగారు నొచ్చుకుంటారేమోనని భయంగా ఉంది.
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, పలాస

జవాబు: మీ అన్నయ్యగారి బేరం సంగతి తర్వాత చూద్దాం. అన్నీ నాన్నగారి పేరు మీదే ఉన్నాయని మీరు ఉత్తరం మొదట్లో మామూలుగా రాసేసిన వాక్యం దగ్గర ముందుగా ఆగాలి. చట్టం దృష్టిలో ఈ రోజు మీ పరిశ్రమ నాన్నగారి సొంత వ్యాపారం. మీరు ముగ్గురూ ఎన్నేళ్లు కష్టపడినా అందులో భాగస్వాములు కారు, జీతం లేదు కనుక కాగితాల మీద ఉద్యోగులు కూడా కారు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వామ్యం ఒప్పందంతో ఏర్పడుతుంది గాని, కొడుకుగా పుట్టినంత మాత్రాన రాదు. నాన్నగారు నిండు నూరేళ్లు ఉండాలనే కోరుకుందాం. కాని ఆయన వీలునామా రాయకుండా కాలం చేస్తే, ఆయన స్వార్జితమైన ఈ ఆస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీ ముగ్గురికి, టెక్కలిలోని అక్కగారికి తలా ఒక సమాన భాగంగా వెళుతుంది. నానమ్మగారు ఉంటే ఆమెకూ ఒక భాగం ఉంటుంది. జీఎస్టీ నంబరు కొత్తగా తీసుకోవాలి, బ్యాంకు అప్పు లిమిట్ మళ్లీ మొదటి నుంచి మంజూరు కావాలి. ఇదంతా పిక్కలు దిగే ఏప్రిల్, మే నెలల్లో జరిగితే, ఇంట్లో దుఃఖం ఒక పక్క, చేతిలో డబ్బు ఆడని సీజను ఇంకో పక్క అవుతుంది.

ఈ మాట నాన్నగారితో ఎలా అనాలన్నది మీ అసలు భయం. కాటా వేసి చీటీ రాయకుండా ఒక్క బస్తా పిక్కలను కూడా ఆయన గేటు లోపలికి రానిచ్చి ఉండరు. చీటీ రాసినంత మాత్రాన ఆ రైతు మీద నమ్మకం లేదని ఎవరూ అనుకోరు కదా. అదే మర్యాద కొడుకుల మధ్య కూడా ఉండాలని ఆయనకే చెప్పండి. మీరొక్కరే కాకుండా ముగ్గురూ కలిసి, అమ్మగారి ఎదుట చెప్పండి. ఆయన చేతిలోంచి వ్యాపారం లాక్కుంటున్నట్లు కనిపించకుండా ఉండాలంటే ఒక మంచి మార్గం ఉంది. షెడ్డు, స్థలం ఆయన పేరునే ఉంచి, కొత్తగా ఏర్పడే సంస్థ ఆయనకు నెలనెలా అద్దె చెల్లించాలి, సంస్థలో ఆయనకూ ఒక వాటా ఉండాలి. పెద్దవయసులో మందుల డబ్బు కోసం కొడుకు ముఖం చూడనక్కర లేని తండ్రికి కాగితాల మీద సంతకం చేయడం కష్టంగా తోచదు.

ఇక లోపలి వ్యవహారం. కుటుంబ వ్యాపారాల్లో వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం మూడు వేర్వేరు డబ్బులు ఒకే గల్లాపెట్టెలో కలిసిపోవడం వల్ల వచ్చేవేనని నా అభిప్రాయం. చేసిన పనికి వచ్చేది జీతం. పెట్టిన పెట్టుబడికి వచ్చేది వడ్డీ. యజమాని అయినందుకు, నష్టం వస్తే భరించడానికి సిద్ధపడినందుకు వచ్చేది లాభంలో వాటా. మీ ఇంట్లో ఈ మూడూ కలిసే ఉన్నాయి. అందుకే అన్నయ్య కారు కొన్నా, మీరు పిల్లల కాలేజీ ఫీజు కట్టినా, అది ఆయా మనిషి కష్టార్జితమో, రావలసిన వాటాయో, అందరి సొమ్ములోంచి వాడుకున్నదో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు ఎవరికి వారు తమకే తక్కువ వచ్చిందని అనుకుంటారు. ‘తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే’ అని పండగనాడు ముక్కలు పంచుతూ నవ్వుకుంటాం గాని, ఏడాది లెక్క చూసే రోజున ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

జీతం నిర్ణయించడానికి పెద్ద లెక్కలేమీ అక్కరలేదు. రేపు మీరు మంచాన పడితే మీ పని చేయడానికి బయటి మనిషిని పెట్టుకోవాలి కదా, అతనికి ఎంత ఇవ్వాల్సి వస్తుందో అదే మీ జీతం. అన్నయ్యగారికీ, తమ్ముడికీ అదే కొలత. ముగ్గురికీ సమానంగా రాదు, రానక్కర లేదు కూడా. అన్నదమ్ములుగా వాటాలో సమానులు కావచ్చు గాని, పనిలో సమానులు కావాలన్న నియమం లేదు. జీతంలో తేడా వస్తే మనసుల్లోనూ తేడా వస్తుందని భయపడే ఇళ్లున్నాయి. నేను చూసినంతలో, తేడా ఎందుకో తెలిసినప్పుడు కలిగే బాధ కంటే, తేడా ఉందో లేదో తెలియనప్పుడు పుట్టే అనుమానమే ఎక్కువ కాలం నిలుస్తుంది. జీతానికి మించి పెళ్లికో, ఫీజుకో, కారుకో తీసుకున్న ప్రతి రూపాయీ ఆ మనిషి సొంతవాడకం ఖాతాలో రాసి, ఏడాది చివర అతని లాభంలోంచి తగ్గించాలి. గల్లాపెట్టె తాళం ఇక మీదట ఇంటి అవసరాలకు తెరవకూడదు.

మీ వదినగారి గురించి మీరు ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు మాత్రం మీ వ్యాపారంలో ఆమెదే ఎక్కువ విలువైన పనిగా కనిపిస్తోంది. 240 రకం అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 240 గుళ్ళకు (విరగని పప్పులకు) మించకూడదు. 320 రకమైతే 320కి మించకూడదు. ఈ రెండింటి ధరకూ మధ్య ఉన్న తేడాయే మీ లాభం. గ్రేడింగ్ బల్ల మీద కుప్పలో చెయ్యి పెట్టి, ఆవగింజంత మచ్చ ఉన్న గుండును పక్కకు నెట్టి, విరిగిన బద్దను ఇంకో పక్కకు తీసి, పెద్ద రకంలో చిన్నది కలవకుండా చూసే చూపు నెలలో అలవడేది కాదు. పది కిలోల డబ్బా తెరిచి పైపొరా అడుగుపొరా పోల్చి చూసే కొనుగోలుదారు మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాడంటే అందుకు కారణం ఆ చూపే. అటువంటి మనిషికి జీతం లేకపోవడం అన్యాయమే కాక, వ్యాపార దృష్టితో చూసినా తెలివితక్కువతనం. ఆమె రేపు ఏ కారణం వల్లనైనా రాకపోతే ఆ పనికి ఎంత ఖర్చవుతుందో మీ లెక్కల్లో ఎక్కడా లేదు. ఆమె జీతం ఆమె సొంత బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. అన్నయ్యగారి జీతంలో కలిపి ఇస్తే ఇవ్వనట్టే లెక్క. మీ ఆవిడ కూడా పరిశ్రమలో ఏదైనా పని చూస్తుంటే ఇదే మాట ఆమెకూ వర్తిస్తుంది. తోడికోడళ్లలో ఒకరు పనిచేసి మరొకరు చేయని ఇళ్లలో ఈ లెక్క తేల్చకపోవడం వల్లనే పొయ్యిలు వేరవుతున్నాయి.

ఇప్పుడు అన్నయ్యగారి బేరానికి వద్దాం. 80 కిలోల బస్తా పిక్కల నుంచి వచ్చే పప్పు ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల కిలో పిక్కల మీద చిన్న తేడా కూడా కిలో పప్పు దగ్గరికి వచ్చేసరికి సుమారు నాలుగింతలవుతుంది. మన ఉద్దానం తోటల పిక్కలు కొన్ని వారాల్లోనే దిగిపోతాయి, బేరం నిలబడిన చోటే తేల్చాలి, ఆలస్యమైతే పక్కవాడు లోడు ఎత్తుకుపోతాడు. ఆఫ్రికా దేశాల నుంచి ఓడల మీద వచ్చే పిక్కల ధర మన చేతుల్లో ఎలాగూ ఉండదు. ఈ పరిస్థితిలో అన్నయ్య ప్రతిసారీ ఇద్దరు తమ్ముళ్లను అడిగి కొనాలనడం జరిగే పని కాదు. ఒక్క మాట నిజాయతీగా ఆలోచించండి: ధర పడకుండా పెరిగి ఉంటే, అడగకుండా కొన్నాడని మీరు ఇంతగా బాధపడేవారా? ఫలితాన్ని చూసి తప్పు నిర్ణయించడం న్యాయం కాదు.

అయితే మీ బాధలో న్యాయం లేదని కాదు. ఎంతవరకు ఒక్కరే నిర్ణయించవచ్చో ముందుగా చెప్పుకోకపోవడమే ఇక్కడి లోపం. సీజను మొదలుకాకముందే కూర్చుని, బస్తాకు ఇంత ధర వరకు, మొత్తం ఇన్ని బస్తాల వరకు అన్నయ్య ఎవరినీ అడగనక్కర లేదని రాసుకోండి. ఆ గీత దాటితే మిగిలిన ఇద్దరిలో కనీసం ఒకరు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు ఫోను మాటతో సరిపెట్టకుండా వాట్సాప్‌లో రెండు ముక్కలైనా ఉండాలి. గీత లోపల చేసిన బేరంలో నష్టం వస్తే అది సంస్థ నష్టం, అన్నయ్య నష్టం కాదు. గీత దాటి, అడగకుండా చేస్తే దాని జవాబుదారీ ఆయనదే. లోపలి పనిలో మీకు కూడా ఇలాంటి గీతే ఉండాలి. కొత్త కటింగ్ మిషన్లు కొనడం వంటివి మీరొక్కరే నిర్ణయించకూడదు.

తమ్ముడి విషయంలో మీరు ఫిర్యాదేమీ చేయలేదు, కాని చేసే రోజు వస్తుంది. ‘మన సరుకే కదా’ అని డబ్బా తీసుకెళ్లి ప్యాకెట్లు కట్టి అమ్మితే, వచ్చిన లాభం అతని తెలివిదా, మీ పప్పుదా అన్నది ఎప్పటికీ తేలదు. అతని అమ్మకాలకు వేరే ఖాతా పెట్టండి. ఆ రోజు బయటి వ్యాపారికి డబ్బా ఏ ధరకు ఇస్తారో అతనికీ అదే ధర వేయండి. ప్యాకింగ్, కొరియర్, ప్రకటనల ఖర్చు పోను అతని ఖాతాలో మిగులు ఉంటే అది నిజంగా అతను సంపాదించినదే. అందులోంచి ముందే చెప్పుకున్న ప్రకారం అతనికి కొంత అదనంగా ఇవ్వవచ్చు. మిగలకపోతే, ఫోనులో వరుసగా వచ్చే ఆర్డర్లు చూసి మురిసిపోవడం తప్ప ఇంకేమీ లేదని అతనికే అర్థమవుతుంది.

వీటన్నింటినీ భాగస్వామ్య ఒప్పందంగా రాయించి, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. మీరు రాసుకోని చోట చట్టం తన మాట తాను చెబుతుంది. వాటాలు రాయకపోతే అందరికీ సమానమంటుంది, జీతం సంగతి రాయకపోతే ఏ భాగస్వామికీ జీతం లేదంటుంది, ఒక భాగస్వామి చనిపోతే సంస్థే రద్దయిందంటుంది. నమోదు కాని సంస్థ తనకు బాకీ పడిన వ్యాపారి మీద ఒప్పందం ఆధారంగా కోర్టులో దావా వేయలేదు. బయటి రాష్ట్రాలకు అప్పు మీద సరుకు పంపే మీలాంటి వారికి ఇది చిన్న విషయం కాదు. జీతమూ, పెట్టుబడి మీద వడ్డీ ఒప్పందంలో రాసి ఉంటేనే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చెల్లుతాయి, అదీ పరిమితులకు లోబడే. వడ్డీ అయితే ఏడాదికి 12 శాతానికి మించి చెల్లదు. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ వంటివి ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే సంస్థ 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) మినహాయించాలన్న నియమం కూడా వచ్చింది. భాగస్వామ్యంలో సంస్థ అప్పులకు మీ సొంత ఇళ్లు కూడా బాధ్యత పడతాయి. అది వద్దనుకుంటే 2008 నాటి చట్టం కింద ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) పెట్టుకోవచ్చు గాని, బ్యాంకు ఎలాగూ మీ సొంత హామీ అడుగుతుంది కనుక మీ స్థాయికి తేడా అంత ఎక్కువ ఉండదు. అక్కగారితో ఇప్పుడే మాట్లాడండి. సంస్థలో ఆమెకు వాటా ఉంటుందా, లేక నాన్నగారు మరో రూపంలో ఇస్తారా అన్నది ఆయన బతికుండగా, ఆయన నోటితో తేలితేనే మీకు మంచిది.

విడిపోయే దారి కూడా ఒప్పందంలో ఉండాలి. ఇది అశుభమని అనుకోకండి. తలుపు ఉందని తెలిసిన ఇంట్లో మనుషులు ప్రశాంతంగా ఉంటారు. ఏటా మార్చి నెలాఖరున పాత పిక్కలు అడుగంటి, కొత్త పిక్కలు ఇంకా పూర్తిగా దిగని సమయంలో సంస్థ విలువ కట్టి అందరూ సంతకాలు చేయండి. ఎవరైనా బయటికి వెళ్లదలిస్తే ఆ ఏటి విలువ మీద, ఇన్ని వాయిదాల్లో, ఇన్నేళ్లలో ఇవ్వాలని రాసుకోండి. ఒక్కసారిగా వాటా చెల్లించాల్సి వస్తే నడుస్తున్న పరిశ్రమ కూడా మూతపడుతుంది. అలాగే పంచుకోవడానికి ముందే లాభంలో కొంత భాగాన్ని నిల్వగా తీసిపెట్టాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తాకి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలినప్పుడు, మనవైపు ఏ తప్పూ లేకుండానే ఏడాది మొత్తం ఎలా తలకిందులవుతుందో మీ కళ్లతోనే చూసి ఉంటారు.

ఇవన్నీ పెద్ద కంపెనీలకే గాని మనలాంటి వారికి ఎందుకని ఎవరైనా అంటే, మన రాజాంలోనే వ్యాపారం మొదలుపెట్టి విమానాశ్రయాల దాకా వెళ్లిన జి.ఎం.రావుగారి కుటుంబం, తమలో తాము ఎలా నడుచుకోవాలో ఒక కుటుంబ రాజ్యాంగంగానే రాసుకుందని చెప్పండి. అంత పెద్దది మీకు అక్కరలేదు, నాలుగు పేజీలు చాలు.

ప్రశ్న: విజయనగరంలో మా నాన్నగారికి బట్టల దుకాణం ఉంది. నా పెళ్లయి అత్తవారిల్లు కూడా ఈ ఊళ్లోనే కావడంతో ఎనిమిదేళ్లుగా బిల్లింగ్, స్టాకు, జీఎస్టీ రిటర్నులు అన్నీ నేనే చూస్తున్నాను. ఇప్పుడు తమ్ముడు ఎంబీఏ పూర్తి చేసి వచ్చాడు, దుకాణం వాడికి అప్పగిస్తానని నాన్నగారు అంటున్నారు. కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన చట్టం ప్రకారం నాకు సగం వస్తుందా?
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: అమ్మా, మీరు అనుకుంటున్న చట్టం ఈ విషయంలో మీకు పెద్దగా అక్కరకు రాకపోవచ్చు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, ఉమ్మడి కుటుంబపు పిత్రార్జిత ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. అంతకు రెండు దశాబ్దాల ముందే మన రాష్ట్రం పెళ్లికాని కూతుళ్లకు అటువంటి హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. కాని దుకాణం మీ నాన్నగారు తన సొంత డబ్బుతో పెట్టినదైతే, అది ఆయన స్వార్జితం. బతికుండగా ఎవరికి ఇవ్వాలన్నది ఆయన ఇష్టం. తాతగారి నుంచి ఉమ్మడి ఆస్తిగా వచ్చిన దుకాణమైతే మాత్రం కాగితాలు తీసుకుని న్యాయవాదిని కలవండి.

హక్కు మాట పక్కన పెట్టి పని మాట ఎత్తండి. సిరిమానోత్సవం ముందు వారాల్లో ఏ రకం చీర ఎంత పోతుందో, ఏ సరుకు ఎన్నేళ్లుగా అలమరలో మిగిలిందో, ఏ హోల్‌సేలరు ఎన్నాళ్లు అప్పు ఆపుతాడో మీ తమ్ముడి చదువులో ఉండదు. మీకు జీతం, మేనేజరు హోదా కాగితం మీద ఇమ్మని అడగండి. లేదా నాన్నగారూ మీరూ తమ్ముడూ భాగస్వాములుగా కొత్త ఒప్పందం రాయించమనండి. ‘ఆడపిల్ల కదా, చేయూతనిస్తోంది’ అని ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. గడిచిన కాలానికి లెక్క అడిగితే తగాదా తప్ప డబ్బు రాకపోవచ్చు. రాబోయే నెల నుంచి అడగండి. అదీ కాదంటే, తమ్ముడికి ఆరు నెలలు పని నేర్పి అప్పగించే తేదీ ఒకటి మీరే చెప్పి, మీ అనుభవాన్ని మీ సొంత దుకాణానికి వాడుకోండి. నా ఓటు దీనికే.

ప్రశ్న: మా బావమరిది నరసన్నపేటలో హోటల్ పెడుతూ బ్యాంకు అప్పుకు నన్ను హామీ సంతకం చేయమంటున్నాడు. లాభంలో వాటా కూడా ఇస్తానంటున్నాడు. చేయవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

జవాబు: 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం, బ్యాంకు ముందు అతన్ని వెంటాడి ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. కాబట్టి ఆ మొత్తం మీరే కట్టాల్సి వస్తే మీ జీతంలోంచి కట్టగలరా అని చూసుకోండి, కట్టగలిగితేనే సంతకం చేయండి. వాటా మాట మాత్రం వద్దనండి. మీరు ప్రభుత్వ ఉపాధ్యాయులైతే సర్వీసు నిబంధనలు వ్యాపారంలో భాగస్వామి కావడానికి ఒప్పుకోవు. అతనికి సాయం చేయాలనే ఉంటే, మీరు పోగొట్టుకున్నా ఇల్లు కదలనంత మొత్తాన్ని చేబదులుగా బ్యాంకు ద్వారా ఇచ్చి, ఎప్పటిలోగా తీర్చాలో ఒక కాగితం రాయించుకోండి. ఆ కాగితం సంగతి మీ ఆవిడకు ముందే తెలియాలి.